124 కాంతి సంవత్సరాల అవతల సముద్రపు వాసన

2025 ఏప్రిల్‌లో ‘వేరే గ్రహం మీద జీవం దొరికింది’ అంటూ ఫోన్లలో వార్త తిరిగిన సాయంత్రం ఆర్కే బీచ్‌లో ఉన్నాం. మురీ మిక్చర్ పొట్లం చేతిలో పట్టుకుని మా మేనల్లుడు అడిగాడు: "అయితే అక్కడ చేపలుంటాయా మావయ్యా?"

నవ్వొచ్చింది కానీ, వాడు అడిగింది మరీ పిచ్చి ప్రశ్నేం కాదు. గొడవంతా ఆ గ్రహపు గాలిలో కనిపించిందన్న ఒక సముద్రపు వాయువు గురించే. దాని పేరు డైమిథైల్ సల్ఫైడ్. భూమ్మీద దీన్ని ఎక్కువగా పుట్టించేవి సముద్రంలో తేలే, కంటికి కనపడనంత చిన్న నాచుజీవులు. ఒడ్డున ముక్కుకు తగిలే ఆ వాసనలో దీని పాలు ఉంది. క్యాబేజీ ఉడుకుతుంటే వంటింట్లో లేచే ఘాటులోనూ ఉంది.

ఆ గ్రహం పేరు కే2-18బీ. సింహ రాశి వైపు, 124 కాంతి సంవత్సరాల దూరంలో, ఒక ఎర్రని చిన్న నక్షత్రం చుట్టూ 33 రోజులకోసారి తిరుగుతుంది. 2015లో కెప్లర్ టెలిస్కోపు గమనికల్లో బయటపడింది. గ్రహం అడ్డొచ్చినప్పుడల్లా నక్షత్రపు వెలుగు వెయ్యి పాళ్లలో మూడు పాళ్లు తగ్గుతుంది. పట్టించింది ఆ తగ్గుదలే.

ఇలా అడ్డొచ్చే గ్రహాన్ని కాచుకుని చూడటం విశాఖకు కొత్త కాదు. గోడే వెంకట జగ్గారావు 1840లో డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో వేధశాల పెట్టారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని ఇక్కడి నుంచే చూసి నమోదు చేశారు. రోజూ ఆ దారిన బస్సులో వెళ్లేవాళ్లలో ఎంతమందికి తెలుసో!

తొందరపాటు కూడా కొత్త కాదు. 1855లో మద్రాసు వేధశాలలో కెప్టెన్ జాకబ్, 70 ఓఫియూకీ అనే జంట నక్షత్రాల దగ్గర గ్రహం ఉండే అవకాశం చాలా ఎక్కువని ప్రకటించాడు. అది నిలబడలేదు.

కే2-18బీ కథా అలాగే మలుపులు తిరిగింది. 2019లో హబుల్ టెలిస్కోపు అక్కడ నీటి ఆవిరి చూసిందన్నారు. 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు చూస్తే మీథేన్, కార్బన్ డయాక్సైడ్ కనిపించాయి. నీరనుకున్నది మీథేన్ కావచ్చని తేలింది. కేంబ్రిడ్జిలో పనిచేసే, మన దేశంలో పుట్టిన నిక్కు మధుసూదన్ బృందం అప్పుడే డైమిథైల్ సల్ఫైడ్ జాడ లీలగా ఉందంది. 2025లో ఇంకాస్త గట్టిగా చెప్పింది: అదో, దాని దగ్గరి చుట్టం లాంటి ఇంకో వాయువో ఉంది, ఇది కాకతాళీయం అయ్యే అవకాశం 0.3 శాతమే అని. కనుగొన్నామని ఒప్పుకోవాలంటే ఆ అవకాశం పది లక్షల్లో ఒకటి కన్నా తక్కువ ఉండాలి. అదే డేటాను వేరేవాళ్లు మళ్లీ లెక్కగడితే ఆ జాడ స్పష్టంగా నిలవలేదు.

నన్ను ఆపేసింది మాత్రం ఒక తోకచుక్క. జీవం మాటే లేని 67పీ దగ్గరా ఇదే వాయువు ఉందని, రోసెట్టా అంతరిక్ష నౌక పంపిన వివరాల్లో 2024లో తేలింది.

ఊహించుకోవడానికి అడ్డేముంది? ఆ గ్రహం బరువు భూమికి 8.6 రెట్లు, అడ్డకొలత 2.6 రెట్లు. నిలబడే చోటంటూ ఉంటే 60 కిలోల మనిషి అక్కడ 76 కిలోలు తూగుతాడు. మసక ఎర్ర వెలుగులో తేలే నాచు ఉండొచ్చు. అదీ హైడ్రోజన్ గాలి కింద నిజంగా సముద్రముంటేనే. కొందరి లెక్కలో అక్కడుంది కరిగిన రాయే.

"చేపలు లేవురా, మహా అయితే నాచు" అన్నాను. వాడు సముద్రం వైపు తిరిగి మిక్చర్ తినడంలో పడ్డాడు.