కబురు ఆగినప్పుడే నెలసరి

విజయదశమి వెళ్ళాక వచ్చే మంగళవారం నాడు విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరం జరుగుతుంది. ఆ ముందు వారం రోజులలో ఊళ్ళోని ఏ మందుల దుకాణం దగ్గరైనా కాసేపు నిలబడితే, గొంతు బాగా తగ్గించి ‘నెలసరి వాయిదా వేసే మాత్ర’ కావాలని అడిగే స్త్రీలు కనిపిస్తారు. అరసవల్లి రథసప్తమికీ, ఇంట్లో పెళ్ళికీ, తిరుమల ప్రయాణానికీ ఇదే మాత్ర అడుగుతారు. దుకాణదారు ఎక్కువగా ఇచ్చేది నోరెథిస్టెరాన్ అనే 5 మిల్లీగ్రాముల మాత్ర. ఆ మాత్ర రక్తాన్ని లోపలే నిలవబెడుతుందని, నిలవ ఉన్న రక్తం చెడిపోతుందని భయపడేవారు కొందరైతే, విటమిన్ బిళ్ళలాగా ఎన్నిసార్లు వేసుకున్నా ఏమీ కాదని నమ్మేవారు మరికొందరు. ఈ రెండు నమ్మకాలూ నిజం కావు. నెలసరి సమయంలో గుడికి వెళ్ళవచ్చునా లేదా అన్న చర్చలోకి నేను వెళ్ళడం లేదు. మాత్ర వేసుకోవాలన్న నిర్ణయం ఆ స్త్రీది, అది తన ఒంట్లో ఏం చేస్తుందో తెలుసుకునే హక్కు కూడా ఆమెదే.

ప్రతి నెలసరి చక్రం మొదటి సగంలో అండాశయాలు ఈస్ట్రోజెన్ అనే హార్మోనును విడుదల చేస్తాయి. దాని ప్రభావం వల్ల గర్భసంచి లోపలి పొర మందంగా పెరుగుతుంది. అండం విడుదలైన తరువాత, అది ఉండిన చోట కార్పస్ లూటియం అనే పసుపుపచ్చని చిన్న ముద్ద ఏర్పడి, దాదాపు రెండు వారాల పాటు ప్రొజెస్టెరాన్ అనే రెండో హార్మోనును తయారు చేస్తుంది. పెరిగిన పొరను గర్భం నిలవడానికి అనువుగా మార్చి, చెదరకుండా నిలిపి ఉంచేది ఈ ప్రొజెస్టెరానే. గర్భం రాకపోతే ఆ ముద్ద ఎండిపోతుంది, ప్రొజెస్టెరాన్ రావడం ఆగిపోతుంది, పొర ఊడి రక్తంతో కలిసి బయటికి వస్తుంది. అంటే నెలసరి ఏదో ఒక హార్మోను ‘రమ్మని’ పిలవడం వల్ల వచ్చేది కాదు, ‘నిలిచి ఉండు’ అని అంతవరకూ చెబుతూ వచ్చిన కబురు ఆగిపోవడం వల్ల వచ్చేది.

నోరెథిస్టెరాన్ ప్రొజెస్టెరాన్‌ను పోలిన కృత్రిమ పదార్థం. నెలసరి రావలసిన రోజుకు మూడు రోజుల ముందు మొదలుపెట్టి రోజుకు మూడు మాత్రల చొప్పున వేసుకుంటే, ఒంట్లోని ప్రొజెస్టెరాన్ తగ్గిపోయినా దాని కబురు మాత్రం అందుతూనే ఉంటుంది కనుక పొర ఊడదు. ఊడని పొరలో చెడిపోవడానికి నిలవ రక్తమేమీ ఉండదు. మాత్రలు మానిన రెండు మూడు రోజులకు నెలసరి వస్తుంది. ఈ విధంగా వాడినప్పుడు ఆ మాత్ర గర్భం రాకుండా కాపాడదని ఆ మాత్రలతో పాటే చెప్పాలి. చెప్పకుండా ఇవ్వడం అన్యాయం.

ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ రెండూ కొవ్వులో కరిగే స్టెరాయిడ్ జాతికి చెందినవి కాబట్టి కణం పైపొరను దాటి నేరుగా లోపలికి వెళ్ళగలవు. లోపల తమకోసమే ఉన్న గ్రాహకం అనే ప్రోటీన్‌కు అతుక్కుంటాయి. ఆ జంట కణకేంద్రకంలో కొన్ని జన్యువులను మేల్కొలుపుతుంది, కొన్నింటిని నిద్రపుచ్చుతుంది. గ్రాహకం లేని కణానికి ఈ కబురు వినపడదు, ఉన్న ప్రతి కణానికీ వినపడుతుంది. గర్భసంచిలోనే కాక రొమ్ములలో, ఎముకలలో, మెదడులో, కాలేయంలో, రక్తనాళాల గోడలలో కూడా ఈస్ట్రోజెన్ గ్రాహకాలు ఉన్నాయి. దుష్ఫలితం అని మనం పేరు పెట్టేది చాలాసార్లు వేరే ఫలితమేమీ కాదు, గర్భసంచికి పంపిన కబురునే కాలేయమో రొమ్మో కూడా వినడమే. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే స్త్రీ హార్మోను మందుల మంచిచెడ్డలు చాలావరకు అర్థమవుతాయి.

సహజ హార్మోనును అలాగే మింగితే పేగుల నుంచి ముందుగా కాలేయానికి చేరి, అక్కడే అధిక భాగం విరిగిపోతుంది. అందువల్ల రసాయన శాస్త్రజ్ఞులు దాని నిర్మాణానికి చిన్న మార్పు చేశారు. 1938లో బెర్లిన్‌లోని షెరింగ్ సంస్థలో హాన్స్ ఇన్‌హోఫెన్, వాల్టర్ హోల్‌వెగ్ సహజ ఈస్ట్రోజెన్ అయిన ఈస్ట్రడయోల్ అణువుకు ఒక చోట రెండు కార్బన్‌ల ముక్కను అతికించి ఎథినైల్ ఈస్ట్రడయోల్‌ను తయారు చేశారు. కాలేయం దానిని తొందరగా విరగగొట్టలేదు. నేటికీ గర్భనిరోధక మాత్రలలో ఎక్కువగా ఉండేది అదే. ప్రొజెస్టెరాన్ కథ దుంపలతో ముడిపడి ఉంది. 1940ల తొలినాళ్ళలో అమెరికా శాస్త్రవేత్త రసెల్ మార్కర్, మెక్సికో అడవులలో పెరిగే ఒక దుంపలోని డయోస్‌జెనిన్ అనే పదార్థం నుంచి ప్రయోగశాలలో ప్రొజెస్టెరాన్‌ను చౌకగా తయారు చేసే మార్గం కనిపెట్టాడు. మెక్సికోలోని సింటెక్స్ సంస్థలో, జార్జ్ రోసెన్‌క్రాంజ్, కార్ల్ జెరాసీల బృందంలో పనిచేస్తున్న లూయిస్ మిరామోంటెస్ అనే యువకుడు 1951 అక్టోబరులో నోరెథిస్టెరాన్‌ను తయారు చేశాడు. సిరిమాను ముందు వారం మన దుకాణాలలో అడిగే మాత్ర అదే.

ఆ మెక్సికో దుంప మన పెండలానికి దగ్గరి చుట్టం. అందుకని పెండలం తింటే హార్మోనులు పెరుగుతాయని కొందరు ప్రచారం చేస్తున్నారు. డయోస్‌జెనిన్‌ను ప్రొజెస్టెరాన్‌గా మార్చే శక్తి మన శరీరానికి లేదు. ఆ మార్పుకు ప్రయోగశాల కావాలి. పెండలం మంచి ఆహారమే కానీ మందు కాదు.

గర్భనిరోధక మాత్రలలో ఈ రెండు రకాల హార్మోనులూ కలిసి ఉంటాయి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్‌లో ఒక్కొక్క మాత్రకు 0.15 మిల్లీగ్రాముల ప్రొజెస్టెరాన్ వంటి మందైన లెవొనార్‌జెస్ట్రెల్, 0.03 మిల్లీగ్రాముల ఎథినైల్ ఈస్ట్రడయోల్ ఉంటాయి. తలలోని పీయూష గ్రంథి రక్తంలో ఈ హార్మోనులు తగినంత ఉన్నట్లు గ్రహించి, అండాన్ని పండించి విడుదల చేయమని అండాశయానికి పంపే ఆజ్ఞను మానుకుంటుంది. అండమే విడుదల కానప్పుడు గర్భం రాదు. దానికి తోడు గర్భసంచి ముఖద్వారంలోని జిగురు చిక్కబడి వీర్యకణాలను అడ్డుకుంటుంది. ఒక అట్టలో 21 హార్మోను మాత్రలు, 7 ఐరన్ మాత్రలు ఉంటాయి. ఐరన్ మాత్రల వారంలో రక్తస్రావం కనిపించడానికి కారణం కూడా ముందు చెప్పినదే: కబురు ఆగింది. 1960లో అమెరికాలో గర్భనిరోధానికి అనుమతి పొందిన మొదటి మాత్రలో ఈస్ట్రోజెన్ 0.15 మిల్లీగ్రాములు ఉండేది. నేటి మాలా-ఎన్‌లో ఉన్నది అందులో ఐదో వంతు మాత్రమే. మాత్ర అంటే నేటికీ మనవారికి ఉన్న భయంలో కొంత ఆనాటి పెద్ద మోతాదుల నుంచి వారసత్వంగా వచ్చిందని నా అభిప్రాయం.

ఆశా కార్యకర్తలు చెప్పే ‘అంతర’ ఇంజెక్షన్‌లో ఈస్ట్రోజెన్ లేదు. ప్రొజెస్టెరాన్ వంటి మందు మాత్రమే 150 మిల్లీగ్రాములు ఉంటుంది, మూడు నెలలకొకసారి చేయించుకోవాలి. దీనివల్ల నెలసరి తప్పిపోవడం, మధ్యమధ్య కొంచెం కొంచెంగా కనిపించడం మామూలే. మానిన తరువాత గర్భం రావడానికి కొన్ని నెలలు ఆలస్యం కావచ్చు కాబట్టి ఏడాదిలోపే బిడ్డ కావాలనుకునేవారు ఇది ఎంచుకోకపోవడం మంచిది. ‘ఛాయ’ మాత్రను చాలామంది హార్మోను అనుకుంటారు, కానీ అది హార్మోను కాదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో పుట్టిన ఆ మందు ఈస్ట్రోజెన్ గ్రాహకంలో కూర్చుని, గర్భసంచిలో ఈస్ట్రోజెన్ కబురు అందకుండా చేస్తుంది. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తరువాత వారానికి ఒకసారి వేసుకుంటే చాలు.

ఇక కాలేయం సంగతి. మింగిన ఈస్ట్రోజెన్ కాలేయానికి చేరినప్పుడు, రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్‌లను అది కాస్త ఎక్కువగా తయారు చేయడం మొదలుపెడుతుంది. హార్మోను మాత్రలు వాడని, గర్భం లేని 10,000 మంది స్త్రీలలో ఏడాదికి 1 నుంచి 5 మందికి సిరలలో రక్తం గడ్డకడుతుందనుకుంటే, మిశ్రమ మాత్రలు వాడేవారిలో 3 నుంచి 9 మందికి, గర్భిణులలో 5 నుంచి 20 మందికి ఆ ప్రమాదం వస్తుంది. ప్రసవమైన తరువాతి 12 వారాలలో అది ఏడాదికి 40 నుంచి 65 మంది లెక్కన ఉంటుంది. ఆరోగ్యవంతురాలికి మాత్ర వల్ల పెరిగే ప్రమాదం, కోరుకోని గర్భం వల్ల వచ్చే ప్రమాదం కంటే తక్కువే. అయితే నెలసరి వాయిదాకు పెద్ద మోతాదులో తీసుకునే నోరెథిస్టెరాన్‌లో కొద్ది భాగం కాలేయంలో ఎథినైల్ ఈస్ట్రడయోల్‌గా మారుతుంది. లోగడ కాలిలోనో ఊపిరితిత్తులలోనో రక్తం గడ్డకట్టిన స్త్రీ, ఆ మాత్రలు వేసుకుని శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో తిరుపతి రైలెక్కి కదలకుండా గంటల తరబడి కూర్చోవడం ఎందుకు మంచిది కాదో దీన్నిబట్టి ఊహించవచ్చు.

మన జిల్లాల స్త్రీలను అడగవలసిన ప్రశ్నలు కొన్ని ప్రత్యేకంగా ఉన్నాయి. 35 ఏళ్ళు దాటి పొగ తాగే స్త్రీ ఈస్ట్రోజెన్ కలిసిన మాత్రలు వాడకూడదు, గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. ‘సిగరెట్ తాగుతారా?’ అని వైద్యుడు అడిగితే మన తీరప్రాంతపు స్త్రీ తాగనని చెబుతుంది, అది నిజమే. నిప్పు ఉన్న కొసను నోటిలోపల పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు ఇక్కడి ఆడవారిలో తరతరాలుగా ఉన్నదే కనుక, ‘అడ్డపొగ ఉందా అమ్మా?’ అని వేరుగా అడగాలి. రెండవది శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం. సోంపేట, కవిటి, పలాస పరిసరాలలో మూత్రపిండాల జబ్బు ఎంతగా ఉన్నదో అందరికీ తెలుసు. పీసీఓడీకి (అండాశయాలలో నీటిబుడగల సమస్యకు), మొటిమలకు ఈ రోజుల్లో తరచుగా రాసే కొన్ని మిశ్రమ మాత్రలలో డ్రోస్పిరెనాన్ అనే మందు ఉంటుంది. అది శరీరంలో పొటాషియంను నిలవ ఉంచుతుంది. దెబ్బతిన్న మూత్రపిండాలు పొటాషియంను బయటికి పంపలేవు, పొటాషియం మితిమీరితే గుండె లయ తప్పుతుంది. అందుచేత ఉద్దానం అమ్మాయికి ఆ మాత్ర రాసేముందు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించడం అనవసరపు ఖర్చు కాదని గట్టిగా చెబుతాను. టీబీకి వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే కొన్ని మందులు గర్భనిరోధక మాత్రను కాలేయంలో త్వరగా విరగగొట్టి పనిచేయకుండా చేస్తాయి. అధిక రక్తపోటు ఉన్నవారు, కళ్ళ ముందు మెరుపులతో మొదలయ్యే పార్శ్వపు తలనొప్పి ఉన్నవారు, ఆరు నెలలలోపు పసిబిడ్డకు పాలిస్తున్న తల్లులు కూడా ఈస్ట్రోజెన్ లేని పద్ధతి ఎంచుకోవడం మంచిది.

నన్ను ఎక్కువగా బాధించే విషయం వేరొకటి ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 శాతం ఉన్నారు. అధిక రక్తస్రావానికి హార్మోను మాత్రలతోనో, గర్భసంచిలో అమర్చే హార్మోను లూప్‌తోనో చికిత్స చేయగల సందర్భాలలో కూడా నేరుగా ఆపరేషన్‌కు వెళ్ళినవారు వీరిలో ఉన్నారు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ రావడం ఒక్క రోజులో ఆగిపోతుంది. సహజంగా ముట్లుడిగే స్త్రీలో కొన్నేళ్ళ పాటు మెల్లగా జరిగే మార్పు ముప్పై అయిదేళ్ళ కూలీ మనిషిలో అకస్మాత్తుగా జరుగుతుంది. ఒళ్ళంతా వేడి ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, యోనిలో పొడిబారడం, ఆ తరువాత ఎముకల అరుగుదల. ‘సంచి తీయించుకున్నాక నీరసించిపోయాను’ అనే మాట మనం ఎందరి నోటనో విన్నాం. ఆ మాటలో కొంత భాగమైనా ఈస్ట్రోజెన్ లేమి.

ఇటువంటివారికి, రొమ్ము క్యాన్సరు వంటి అడ్డంకి ఏదీ లేకపోతే, సహజంగా ముట్లుడిగే వయసు వరకూ ఈస్ట్రోజెన్‌ను బయటి నుంచి ఇవ్వడం సరైన చికిత్స. దీనికి అడ్డుగా చెప్పే భయం 2002లో మొదలైంది. అమెరికాలో ముట్లుడిగిన వేలాది స్త్రీలపై జరుగుతున్న పెద్ద పరిశోధనలో, రెండు హార్మోనులూ కలిపి వాడిన విభాగాన్ని ఆ ఏడాది మధ్యలోనే ఆపివేశారు. 10,000 మందిలో ఏడాదికి 8 రొమ్ము క్యాన్సర్లు, 8 పక్షవాతాలు అదనంగా, తుంటి ఎముక విరగడాలు 5 తక్కువగా కనిపించాయి. కానీ ఆ స్త్రీల సగటు వయసు 63. గర్భసంచి లేనివారికి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన రెండో విభాగాన్ని పక్షవాతం ముప్పు వల్ల 2004లో ఆపారు, అందులో రొమ్ము క్యాన్సరు పెరగలేదు. ఆ అంకెలను ముప్పై అయిదేళ్ళకే అండాశయాలు పోయిన స్త్రీకి వర్తింపజేయడం తప్పు. ఆమెకు ఇచ్చేది అదనపు హార్మోను కాదు, ఆ వయసులో ఉండవలసినదే.

గర్భసంచి ఉన్న స్త్రీకి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇస్తే లోపలి పొర అదుపు లేకుండా పెరిగి క్యాన్సరుగా మారే ముప్పు ఉందని 1975 నాటికే తేలింది. అందుకే ఆమెకు ప్రొజెస్టెరాన్ కూడా తప్పనిసరి. గర్భసంచి లేనివారికి సాధారణంగా ఆ రెండో మందు అవసరం లేదు. చర్మంపై రాసే జెల్‌గానో, అంటించే పట్టీగానో తీసుకుంటే ఈస్ట్రోజెన్ మొదటే కాలేయానికి వెళ్ళదు కాబట్టి రక్తం గడ్డకట్టే ముప్పు మింగే మాత్ర కంటే తక్కువ. అయితే ఏ చికిత్స అవసరమో చెప్పాలంటే ఆపరేషన్‌లో ఏమేమి తీశారో వైద్యుడికి ముందుగా తెలియాలి. చాలామంది స్త్రీలకు సంచి తీశారన్న సంగతి తప్ప అండాశయాలు ఉంచారో లేదో తెలియదు. ఆ వివరం డిశ్చార్జి కాగితంలో ఉంటుంది, లేకపోతే ఆపరేషన్ చేసిన చోట అడిగి రాయించుకోవచ్చు. ఆ కాగితాన్ని రేషన్ కార్డుతో పాటు దాచి, వేడి ఆవిర్లు మొదలైన రోజున ఆసుపత్రికి వెంట తీసుకువెళ్ళాలి.