రెండు కార్బన్ల తేడా

చెన్నై పశ్చిమ మాంబలంలో సరుకుల షాపుకెళ్తే మా పిన్ని నువ్వుల నూనె ప్యాకెట్ మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అన్న అక్షరాలు చూసి, “రెండు లీటర్లు తీసుకోరా” అంటుంది. అందులో అబద్ధమేం లేదు. కాకపోతే ఏ మొక్క నూనెలోనైనా కొలెస్ట్రాల్ లెక్కలోకి రానంత తక్కువే. అదేదో తమ గొప్ప అయినట్టు వేసుకుంటారు. నూనెలో ఉండేది సిటోస్టెరాల్. కొలెస్ట్రాల్‌లో 27 కార్బన్లు, దీంట్లో 29. మిగతాదంతా ఇంచుమించు అదే. అయినా తిన్న కొలెస్ట్రాల్‌లో దాదాపు సగం ఒంటికి పట్టేస్తుంది, సిటోస్టెరాల్‌లో 5 శాతం కూడా పట్టదు.

లోపలికి వచ్చే దారి మాత్రం రెండింటికీ ఒకటే. చిన్నపేగు కణాల పైపొరలో ఎన్‌పీసీ1ఎల్1 అనే ప్రొటీన్ ఉంటుంది. కొలెస్ట్రాల్, సిటోస్టెరాల్ రెండూ స్టెరాల్ జాతివే. స్టెరాల్‌కి నీళ్ళంటే పడదు కాబట్టి ఈ ప్రొటీన్ దాన్ని తన లోపలి సొరంగం గుండా, తడి తగలనివ్వకుండా పొరలోకి చేరుస్తుంది.

అసలు వడపోత ఆ తర్వాతే. లోపలికొచ్చిన కొలెస్ట్రాల్‌కి ఏసీఏటీ2 అనే ఎంజైమ్ ఓ కొవ్వు ఆమ్లాన్ని తగిలిస్తుంది. అది కొవ్వు రేణువుల్లోకి ఎక్కి ఒంట్లోకి వెళ్ళిపోతుంది. సిటోస్టెరాల్ ఆ ఎంజైమ్‌కి సరిగ్గా నప్పదు, కణంలోనే మిగిలిపోతుంది. అలా మిగిలినదాన్ని, పిలవని పేరంటానికి వచ్చినవాళ్ళని సాగనంపినట్టు, ఏబీసీజీ5, ఏబీసీజీ8 అనే ప్రొటీన్ల జంట కణానికి ఇంధనంలాంటి ఏటీపీ ఖర్చుపెట్టి మళ్ళీ పేగులోకి నెట్టేస్తుంది. జంటలో ఏ ఒక్కటి చెడినా రెండోది పనిచేయదు. కాలేయంలో కొలెస్ట్రాల్‌ని పైత్యరసంలోకి తోసేది కూడా ఈ జంటే. దీని ఆకారం 2016లో తెలిసింది. ఇలాంటి ఆకారాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి ప్రపంచమంతా వాడే రామచంద్రన్ పటం 1963లో ఈ ఊళ్ళోనే, మద్రాసు విశ్వవిద్యాలయంలో పుట్టింది.

1974లో అమెరికాలో ఇద్దరు అక్కచెల్లెళ్ళకి స్నాయువుల (కండరాన్ని ఎముకకి కట్టే పట్టీల) మీద కొవ్వు గడ్డలు కనిపించాయి. రక్తంలో కొలెస్ట్రాల్ మామూలుగానే ఉంది, సిటోస్టెరాల్ మాత్రం విపరీతం. ఈ జబ్బుకి కారణం ఆ జంట జన్యువుల్లో లోపమని 2000లో తేలింది.

కొలెస్ట్రాల్ తగ్గించడానికి ఇచ్చే ఎజెటిమైబ్ మాత్ర కథ ఇంకా తమాషా. 2002లో అమెరికా బజారులోకి వచ్చేసింది. అది అడ్డుకునే ఎన్‌పీసీ1ఎల్1 సంగతి బయటపడింది 2004లో! మాత్ర వెళ్ళి ఆ సొరంగంలోనే ఇరుక్కుంటుందని 2020లో కళ్ళారా చూశారు. నెట్టేసే జంట పాడైనవాళ్ళకీ ఇదే మాత్ర ఇస్తారు. బయటికి పంపడం చేతకాకపోయినా, లోపలికి వచ్చేదైనా తగ్గుతుంది కదా.