వైన్‌లో తడి అట్టపెట్టె వాసన

మొన్న ఒక పాఠకుడు అడిగారు: "ఖరీదు పెట్టి కొన్న రెడ్ వైన్ తెరిస్తే వానలో నానిన అట్టపెట్టె వాసన వచ్చింది. కార్కు పొడి మాత్రం పడలేదు. పాడైనట్టేనా?"

పాడైనట్టే. పొడి పడటానికీ ఈ లోపానికీ సంబంధం లేదు. పొడి పడితే వడకట్టుకుని తాగొచ్చు. వైన్ పులిసి వెనిగర్ అవడం గురించి నిల్వ కల్లు రుచి తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నన్ను ఏళ్లుగా పట్టుకున్నది ఈ అట్టపెట్టె వాసనే.

ఈ వాసన తెచ్చే రసాయనం పేరు 2,4,6-ట్రైక్లోరోఅనిసోల్, పొట్టిగా టీసీఏ. 1980ల మొదట్లో స్విట్జర్లాండ్‌కు చెందిన హాన్స్ టానర్ బృందం దీన్ని పట్టుకుంది. ఇది సీసా బిరడా అయిన కార్కులో పుట్టొచ్చు. కార్కు అంటే ఒక ఓక్ చెట్టు బెరడు. పోర్చుగల్‌లో తొమ్మిదేళ్లకోసారి ఒలుస్తారు. ఒకప్పుడు కార్కులను క్లోరిన్‌తో తెల్లబరిచేవారు. బెరడులోని ఫినాల్ అనే రసాయనానికి క్లోరిన్ తగిలితే ట్రైక్లోరోఫినాల్ పుడుతుంది. అది బూజుకు విషం. అప్పుడు బూజు ఏం చేస్తుందో చూడండి: ఆ అణువులో ఆక్సిజన్‌ను పట్టుకున్న హైడ్రోజన్‌ను తీసేసి, అక్కడ మిథైల్ గుంపును (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ల జట్టు) తగిలిస్తుంది. తేలుకు కొండి విరిచినట్టే! బూజు బతికిపోతుంది, మన వైన్ పోతుంది. వైన్ నిల్వ ఉంచే సెల్లార్‌లోని చెక్క దూలాలకూ ఇదే జరగొచ్చు, అందుకే మరమూత ఉన్న సీసాలోనూ ఈ వాసన రావచ్చు.

లీటరుకు 5 నానోగ్రాములుంటే చాలామందికి తెలిసిపోతుంది. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు. అంటే ఒక్క గ్రాము 20 కోట్ల లీటర్లను చెడగొట్టగలదు. నానో అంటే ఏమిటో పిల్లలకు ఈ లెక్కతో చెప్పాలి, సున్నాలు బట్టీ పట్టించి కాదు.

అంతకన్నా తక్కువున్నా వైన్ చప్పబడిపోతుంది. వాసన తగిలినప్పుడు ముక్కు కణాల నూగులో అయాన్లు (విద్యుదావేశమున్న కణికలు) వెళ్లే దారులు తెరుచుకుని, మెదడుకు కబురు వెళ్తుంది. టీసీఏ ఆ దారులనే మూసేస్తుందని 2013లో ఒసాకా విశ్వవిద్యాలయం వాళ్లు న్యూట్ అనే ఉభయచరం కణాల మీద చూపించారు. పండ్ల వాసన వైన్‌లోనే ఉంటుంది, మనకు అందదు.

ఒకసారి అలాంటి గ్లాసులో శుభ్రమైన పాలిథిన్ కవరు ముక్కను నలిపి వేశాను. టీసీఏకి నీళ్లంటే పడదు, జిడ్డులాంటి పాలిథిన్‌లోకి చేరిపోతుంది. పది నిమిషాలకు అట్టపెట్టె వాసన బాగా తగ్గింది, దాంతోపాటు వైన్ పరిమళమూ కొంత పోయింది.

ఈ మోతాదులో ఒంటికి హాని లేదు. హోటల్లో ముందు గుక్కెడు పోసి ఆగేది ఇలాంటి లోపం పట్టుకోవడానికే, మొహమాటపడకుండా చెప్పండి. మొదటిసారి పీల్చినప్పుడు తెలిసిందే నమ్మండి, కాసేపటికి ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోతుంది.