ముందు ఆకు తిరగేసి చూడండి: పెరటి పురుగుల మీద అపోహలు, వాస్తవాలు

ఒడిశాలోని గుణుపూర్‌లో మా నర్సరీకి వర్షాకాలం మొదలైందంటే రోజూ ఎవరో ఒకరు చిల్లులు పడ్డ ఆకును కవర్లో వేసుకొని వస్తారు. వంగ ఆకో, ఆనప ఆకో, తోటకూరో. కొందరు తెలుగులో, కొందరు ఒడియాలో అడిగేది మాత్రం ఒకటే, మందు ఇమ్మని. నేను అడిగేదీ ఒకటే: ఆకు కింద ఏముందో చూశారా? చాలామంది చూసి ఉండరు. తినేది ఎవరో తెలియకుండా కొట్టే మందు సగం వృథా, సగం హాని. ఇన్నేళ్లుగా మళ్లీ మళ్లీ వింటున్న మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: అక్షింతల పురుగు మంచిది, దాన్ని ముట్టుకోకూడదు.

ఈ పేరుతో మనం రెండు వేర్వేరు పురుగుల్ని పిలుస్తాం. చిక్కంతా అక్కడే వచ్చింది. ఒకటి లేత కొమ్మల రసం పీల్చే పేనుబంకను తిని మనకు మేలు చేసేది. రెండోది వంగ, కాకర ఆకుల్లో పచ్చదనం గీకి తిని, ఈనెలు మాత్రం వలలాగా మిగిల్చేది. మేలు చేసేదాని వీపు నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది. ఆకు తినేదాని వీపు మీద సన్నటి నూగు ఉంటుంది కాబట్టి మెరవదు, పాత రాగి చెంబులా మసకగా ఉంటుంది. దాని మీద నల్ల చుక్కలు 12 గానీ 28 గానీ ఉంటాయి. పిల్లపురుగుల్ని చూస్తే ఇంకా తేలిక. ఆకు తినేదాని పిల్లలు పసుపు రంగులో, ఒళ్లంతా కొమ్మల్లా చీలిన ముళ్లతో ఉంటాయి. మిత్రపురుగు పిల్లలు నల్లగా, పొడుగ్గా, బుల్లి మొసళ్లలా పేనుబంక మధ్య పరుగులు తీస్తుంటాయి.

గుడ్లను చూసి మాత్రం తేల్చకండి. రెండింటి గుడ్లూ పసుపే, రెండూ గుంపుగా నిలబెట్టినట్టే ఉంటాయి. చుట్టూ పేనుబంక ఉంటే వదిలేయండి. ఆకు వలలా అయి ఉంటే నలిపేయండి.

పోయిన శ్రావణంలో మా వీధిలో పిన్నిగారు ఒకావిడ చిక్కుడు పందిరి మీద ఉన్న ఆ నల్ల పిల్లపురుగుల్ని ఓపిగ్గా ఏరి సబ్బు నీళ్లలో వేసేశారు. కొన్నాళ్లకే లేత కొమ్మలు, పూత అన్నీ పేనుబంకతో నల్లగా అయిపోయాయి. “ఎంత పని చేశాను నాయనా, కాపలా కాసేవాటినే చంపుకున్నాను” అని ఆవిడ బాధపడుతుంటే నాకూ మనసు బాగోలేదు. ఈ తేడా ముందే అందరికీ చెప్పి ఉండాల్సింది అనిపించింది.

వంగ మీద పడే రకాన్ని పట్టడం సులువే. మొక్కను కదిపితే అవి కాళ్లు ముడుచుకొని రాలిపోతాయి. పొద్దున్నే సబ్బు నీళ్ల బేసిను కింద పట్టి కొమ్మను తట్టండి. గుడ్లు సుమారు 4 రోజుల్లో పిల్లలవుతాయి కాబట్టి వారానికి రెండుసార్లు ఆకు అడుగు చూస్తే చాలు.

అపోహ: వేపనూనె కొట్టినా పురుగు చావలేదు, నూనె కల్తీ.

కల్తీ ఉండొచ్చు, కానీ చాలాసార్లు తప్పు అది కాదు. వేపలో ఉండే అజాడిరాక్టిన్ కొట్టగానే చంపే విషం కాదు. అది పడ్డ ఆకును పురుగు సరిగా తినలేదు, తిన్న పిల్లపురుగు కుబుసం విడవలేక ఆగిపోతుంది. దానికి కొన్ని రోజులు పడుతుంది. లీటరు నీటికి 5 మి.లీ. నూనె, అది నీళ్లలో కలవడానికి కాస్త కుంకుడు రసం. బట్టల సర్ఫు వద్దు, ఆకు మాడుతుంది. ఎండకు అజాడిరాక్టిన్ చెడిపోతుంది కాబట్టి సాయంత్రమే కొట్టండి, అదీ ఆకు అడుగున తడిసేలా. కలిపింది ఆ పూటే వాడేయాలి. వాన పడితే మళ్లీ కొట్టాలి.

వేలంత లావైన లద్దె పురుగు మీద మాత్రం వేప పెద్దగా పనిచేయదు. పొగాకు లద్దె పురుగు తల్లి ఆకు మీద వందల గుడ్లు పెట్టి, తన ఒంటి గోధుమరంగు నూగుతో కప్పేస్తుంది. చూస్తే చిన్న దూది ముద్దలా ఉంటుంది. పొదిగాక పిల్లలన్నీ కొన్నాళ్లు గుంపుగా ఉండి ఆ ఆకును జల్లెడలా చేస్తాయి. ఆ జల్లెడాకు ఒక్కటి తుంచేస్తే వందల పురుగులు పోయినట్టే. ఆ రోజులు దాటితే పగలు మట్టిలో దాక్కొని రాత్రి తింటాయి. అప్పుడిక టార్చి పట్టుకొని ఏరాల్సిందే.

అపోహ: పొగాకు కషాయం ఇంట్లో చేసుకున్నదే, ఏమీ కాదు.

నికోటిన్ మనకూ విషమే, చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్తుంది. వంటింటి గిన్నెలో కాచడం, ఆ చేత్తోనే పిల్లలకు అన్నం పెట్టడం చూశాను. తినే ఆకుకూరల మీద అసలు వద్దు.

అపోహ: పత్తి మందు ఒక్క మూత పోస్తే ఏమవుతుంది?

ఈ మాట వింటే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది. మా రాయగడ జిల్లాలో పత్తి బాగా వేస్తారు, చుట్టాల ఇంట్లో సగం మిగిలిన సీసా తేలిగ్గా దొరుకుతుంది. పత్తి మందుల్లో ఒకటైన మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడడాన్ని మన దేశంలో 2005లోనే నిషేధించారు. పత్తిని ఎవరూ వండుకోరు. తోటకూరను పొద్దున కోసి మధ్యాహ్నం వండేస్తాం. కార్తీకంలో ఇక్కడ చాలా ఇళ్లలో నీచు మానేసి ఆకుకూరలు, దాల్మా (కూరగాయలు వేసి వండే పప్పు) మీదే గడుపుతారు. ఆ నెల్లో అలాంటి మందు కొట్టిన కూర పిల్లల కంచంలోకి రావడం ఊహించలేను. సీసా ఇంట్లో ఉంటే పెరటి దరిదాపులకు తేకండి.

అపోహ: చిల్లు పడితే మొక్క పోయినట్టే.

కాదు. వంగ, బెండ, చిక్కుడు బాగా ఎదిగాక కొన్ని ఆకులు పోయినా కాపు తగ్గదు. ఆకే పంట అయిన తోటకూర, బచ్చలి సంగతి వేరు. వాటికి నారుమడి నుంచే దోమతెర కప్పండి.

బూడిద సంగతి కూడా చాలామంది అడుగుతారు. పాతకాలం మాట అని కొట్టేయకండి, పనిచేస్తుంది. ఆనప, గుమ్మడి రెండు నుంచి నాలుగు ఆకుల మీద ఉన్నప్పుడు ఎర్ర పెంకు పురుగు పడితే పాదే పోతుంది. పొద్దున్నే మంచు తడి ఉండగా, బాగా చల్లారి జల్లించిన కట్టెల బూడిద ఆకు రెండు వైపులా పలచగా చల్లండి. అది పురుగును చంపదు, తిననివ్వదంతే. తడిస్తే మళ్లీ చల్లాలి. ఈ పెంకు పురుగు పిల్లలు మట్టిలో వేర్లు తింటాయి కాబట్టి కాపు అయిపోగానే పాదు పీకి, ఆ చోట మట్టి తిరగేసి ఎండనివ్వండి.