ఫిల్మ్ కెమెరాలకు కొత్త రీళ్లు: పెట్టె వెనుక ఉన్న కర్మాగారాల కథ

విశాఖపట్నంలో ఏళ్ల తరబడి బీరువాల్లో ఉండిపోయిన యాషికాలు, పెంటాక్స్ కె1000లు, నికాన్ ఎఫ్‌ఎం2లు మళ్లీ బయటికి వస్తున్నాయి. చేపల రేవులోనూ, బీచ్ రోడ్డులోనూ, భీమిలి డచ్ సమాధుల దగ్గరా వాటిని పట్టుకుని తిరుగుతున్న వారిలో చాలామంది డిజిటల్ కాలంలో పుట్టినవారే. మరమ్మతు చేసేవారు దొరికితే పాత కెమెరా మరో పాతికేళ్లు పనిచేస్తుంది కాబట్టి, వారికి అసలు చిక్కు కెమెరాతో కాదు, రీలుతో. గత కొన్నేళ్లలో హార్మన్ ఫీనిక్స్, కెంట్‌మియర్ 200, కొడాకలర్ వంటి పేర్లతో వరుసగా ఫిల్ములు విడుదలవుతున్నాయి. వీటిలో నిజంగా కొత్తగా తయారైనది ఏది, పాత సరుకే కొత్త పెట్టెలో వస్తున్నది ఏది, ధర ఇంతగా ఎందుకు పెరిగింది అన్న ప్రశ్నలకు సమాధానం కావాలంటే, ఫిల్మును పూత పోసే కర్మాగారాల చరిత్రను చూడాలి. ప్రపంచం మొత్తం మీద అవి ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే మిగిలాయి.

వెండి హాలైడ్ స్ఫటికాలను జెలాటిన్‌లో కలిపి, పారదర్శకమైన పట్టీ మీద, కటిక చీకటిలో, సమానమైన మందంతో పరిస్తే ఫిల్మ్ అవుతుంది. ఒక్క వాక్యంలో చెప్పదగిన ఈ పని చేయడం మాత్రం చాలా కష్టం. నలుపు-తెలుపు ఫిల్ముకు కొద్దిపాటి పొరలు చాలు. రంగుల ఫిల్ముకు నీలం, ఆకుపచ్చ, ఎరుపు వెలుగులను వేర్వేరుగా పట్టుకునే పొరలు, వాటి మధ్య వడపోత పొరలు, పైన రక్షణ పొర కలిపి పన్నెండుకు పైగా ఉంటాయి. ఇవన్నీ కలిసినా మందం ఒక మిల్లీమీటరులో కొద్ది వంతే. మీటరుకు పైగా వెడల్పున్న పట్టీ మీద వీటిని ఏకకాలంలో పరిచే యంత్రాలను కోట్ల సంఖ్యలో రీళ్లు అమ్ముడుపోయే రోజుల కోసం కట్టారు. గిరాకీ పడిపోయినప్పుడు వాటిని చిన్న మోతాదులో నడపడం ఎవరికీ తేలిక కాలేదు. తర్వాత జరిగిన పతనానికైనా, ఇప్పటి ధరలకైనా మూలం ఇక్కడే ఉంది.

ఈ విద్యను మన దేశమూ ఒకప్పుడు చేతబట్టింది. ఫ్రాన్స్‌కు చెందిన బౌషే సంస్థ సాంకేతిక సహకారంతో 1960లో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్, నీలగిరుల్లోని ఊటీలో 1967లో ఉత్పత్తి మొదలుపెట్టింది. చల్లని వాతావరణం, దుమ్ము లేని గాలి, స్వచ్ఛమైన నీరు ఫిల్మ్ తయారీకి తప్పనిసరి కాబట్టి ఆ కొండల ఎంపిక సబబైనదే. ఇందు పేరుతో వచ్చిన దాని నలుపు-తెలుపు రీళ్లు, ప్రింట్ల కాగితాలు దేశమంతటా స్టూడియోలకు చేరాయి, ఎక్స్‌రే ఫిల్ములు ఆసుపత్రులకు వెళ్లాయి. అదే కాలంలో బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ III మధ్యతరగతి ఇళ్లలో తొలి కెమెరాగా నిలిచింది. షట్టరు వేగం మార్చుకునే వీలు లేని ఆ చిన్న పెట్టెలో 120 రోలు (మామూలు 35 ఎంఎం రీలు కంటే వెడల్పైన ఫిల్ము) వేస్తే పన్నెండు చదరపు ఫోటోలు వచ్చేవి. ఆ రోజుల్లో ఒక్కో ఫోటోకు విలువ ఉండేది, తీసే ముందు ఆలోచించేవారు. కుటుంబమంతా స్టూడియోకు వెళ్లి పరదా ముందు నిలబడి ఫోటో దిగడం ఒక ముఖ్యమైన సందర్భంగా ఉండేది.

హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ఎందుకు నిలబడలేదన్నది ఇక్కడ కొంత వివరంగా చెప్పుకోవలసిన విషయం. పాలియెస్టర్ ఆధారిత ఎక్స్‌రే ఫిల్ముల కోసం చేపట్టిన భారీ విస్తరణ ఆలస్యమైంది, ఖర్చు అంచనాలను దాటింది, అప్పుల మీద వడ్డీ పేరుకుపోయింది. సరిగ్గా అదే సమయంలో, 1990ల ఆర్థిక సంస్కరణలతో దిగుమతి సుంకాలు తగ్గి విదేశీ ఫిల్ములు చవకగా రావడం మొదలైంది. ఆ దశకం మధ్యలోనే సంస్థ ఖాయిలా పరిశ్రమల జాబితాలోకి చేరింది, చివరికి మూతపడింది. డిజిటల్ కెమెరా ఈ దేశపు ఇళ్లలోకి రాకముందే మన ఫిల్మ్ పరిశ్రమ కూలిపోయిందన్న సంగతిని చాలామంది గమనించరు. ఫిల్ముకు మళ్లీ గిరాకీ వచ్చినప్పుడు ఇంగ్లండ్‌లో, చెక్ దేశంలో తిప్పడానికి పాత యంత్రాలు ఉన్నాయి. మనకు లేవు. అందువల్ల విశాఖలో ఈనాడు కొనే ప్రతి రీలూ విదేశంలో పూత పోసినదే, దాని ధరలో డాలరు మారకపు విలువ, దిగుమతి సుంకం, రవాణా ఖర్చు కలిసే ఉంటాయి.

1990లలో మినీ ల్యాబ్‌లు వచ్చాక ఫోటో అందరికీ అందుబాటులోకి వచ్చింది. పెళ్లిలో తీసిన ముప్పై ఆరు ఫోటోల రీలును ఉదయం ఇస్తే సాయంత్రానికి ప్రింట్లు చేతికి వచ్చేవి. కొడాక్, ఫ్యూజీ, కోనికా పసుపు, ఆకుపచ్చ, నీలం బోర్డులు కనిపించని పట్టణం ఉండేది కాదు. ఆ వైభవం పదిహేనేళ్లు కూడా నిలవలేదు.

పతనం వేగంగా వచ్చింది. 1879 నాటి వారసత్వం ఉన్న ఇల్‌ఫోర్డ్ 2004లో దివాలా అంచుకు చేరగా, మరుసటి ఏడాది దాని సిబ్బందిలోని నిర్వాహకులే దానిని కొని హార్మన్ టెక్నాలజీగా నిలబెట్టారు. జర్మనీలో ఆగ్ఫాఫోటో 2005లో కుప్పకూలింది. నెగెటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల బొమ్మనే ఇచ్చే స్లైడ్ ఫిల్ము కొడాక్రోమ్‌ను కొడాక్ 2009లో ఆపివేసింది, 2012 జనవరిలో దివాలా రక్షణ కోరింది. ఆ పునర్వ్యవస్థీకరణలో ఒక విచిత్రమైన విభజన జరిగింది. ఫిల్మును తయారుచేసే, అమెరికాలోని రోచెస్టర్ కర్మాగారం ఈస్ట్‌మన్ కొడాక్ దగ్గరే ఉండగా, ఫోటో ఫిల్మును అమ్మే హక్కు కొడాక్ బ్రిటన్ ఉద్యోగుల పింఛను నిధి చేతిలోని కొడాక్ అలారిస్‌కు వెళ్లింది. ఫ్యూజీఫిల్మ్ ఔషధాలు, సౌందర్య సాధనాల వైపు మళ్లి నిలదొక్కుకుంది, కానీ ఫిల్ముల జాబితాను ఏటా కుదించుకుంటూ వచ్చింది.

మలుపు 2017 ప్రాంతంలో కనిపించింది. ఆపివేసిన ఎక్టాక్రోమ్ స్లైడ్ ఫిల్మును తిరిగి తెస్తామని కొడాక్ ఆ ఏడాది ప్రకటించి 2018లో విడుదల చేసింది. ఫ్యూజీ 2018లో మానేసిన నలుపు-తెలుపు ఫిల్ము అక్రోస్‌ను 2019లో అక్రోస్ II పేరుతో మళ్లీ ఇచ్చింది. 2022లో కొడాక్ గోల్డ్ 200 ఫిల్ము 120 రోలుగా కూడా వచ్చింది. పాత క్లిక్ III దాచుకున్న ఇళ్లకు ఇది మేలైన వార్త, ఎందుకంటే రుషికొండ ఎండలో ఆ కెమెరాకు అలాంటి మధ్యస్థ వేగపు (వెలుగుకు మధ్యస్థంగా స్పందించే) ఫిల్మే సరిపోతుంది. వీటన్నిటికంటే నేను ముఖ్యమైనదిగా భావించేది 2023 డిసెంబరులో హార్మన్ విడుదల చేసిన ఫీనిక్స్ 200. నలుపు-తెలుపుకే పరిమితమైన, ఇంగ్లండ్‌లోని హార్మన్ వారి మాబర్లీ కర్మాగారం పూర్తిగా తన సొంత పనితనంతో తయారుచేసిన తొలి రంగుల ఫిల్ము అది. రంగు నెగెటివ్‌కు మామూలుగా ఉండే నారింజ ఛాయ దానికి లేదు, కాంట్రాస్ట్ (వెలుగునీడల మధ్య తేడా) తీవ్రంగా ఉంటుంది, వెలుగుల చుట్టూ ఎర్రటి వలయాలు వస్తాయి. ఈ లోపాలను కొన్నిటిని సవరించి 2025లో ఫీనిక్స్ II తెచ్చారు. దశాబ్దాలుగా కొత్త చేతులు పడని విద్యలో ఒక కర్మాగారం మొదటి మెట్టు నుంచి నేర్చుకోవడం అభినందించదగినది, దాని లోపాలను ఆ దృష్టితోనే చూడాలి.

పెట్టె మీది పేరుకూ లోపలి ఫిల్ముకూ సంబంధం లేని సందర్భాలు మాత్రం ఎక్కువే. సినిమా చిత్రీకరణ కోసం కొడాక్ తయారుచేసే ఫిల్ము వెనుక చాలాకాలం పాటు నల్లటి కర్బన పొర ఉండేది. ఆ పొరను తీసేసి చిన్న రీళ్లుగా చుట్టి అమ్మేవారు ఉన్నారు. రాత్రిపూట విశాఖ ఓడరేవు దీపాలను వాటితో తీస్తే దీపం చుట్టూ ఎర్రటి కాంతి వ్యాపించడానికి కారణం ఆ పొర లేకపోవడమే. విమానాల నుంచి భూమిని ఫోటో తీయడానికి చేసిన ఫిల్ము కూడా వేర్వేరు పేర్లతో బజారుకు వస్తోంది. ఫ్యూజీ పేరున్న 200 రీలు పెట్టె మీద అమెరికాలో తయారీ అని రాసి ఉండటం కొనేవారు చూసే ఉంటారు. ఇందులో మోసం ఏమీ లేదు, ఆ ఫిల్ములతో చక్కని ఫోటోలు వస్తాయి. అయితే పది కొత్త పేర్లు వచ్చినంత మాత్రాన పది కొత్త ఫిల్ములు వచ్చినట్టు కాదు. రోచెస్టర్‌లో ఒక యంత్రం ఆగితే వాటిలో ఎన్నో ఒకేసారి ఆగుతాయి. 2024 నవంబరులో ఆధునికీకరణ కోసం కొడాక్ తన ఫిల్మ్ ఉత్పత్తిని కొన్ని వారాలు నిలిపింది. 2025లో కొడాకలర్ 100, 200 రీళ్లను ఈస్ట్‌మన్ కొడాక్ స్వయంగా అమ్మకానికి పెట్టడం, 2012 తర్వాత జరిగిన ఆ విభజన సడలుతోందనడానికి గుర్తు. ఇక వెండి ధర 2025లో, 1980 నాటి గరిష్ఠాన్ని కూడా దాటింది కాబట్టి రీళ్ల ధర తగ్గుతుందని ఆశించడం కష్టం.

రీలు దొరికాక దాన్ని కడిగించడం విశాఖలో రెండో సమస్య. మినీ ల్యాబ్ యంత్రాలు వెళ్లిపోయాక, రంగు రీళ్లను పెద్ద నగరాల ల్యాబ్‌లకు కొరియర్‌లో పంపడం చాలామందికి అలవాటైంది. నలుపు-తెలుపు రీలును ఇంట్లోనే కడగవచ్చు, కానీ డెవలపర్‌కు ప్రామాణికమైన వేడి 20 డిగ్రీలు. మే నెలలో ఇక్కడి కుళాయి నీరు అంతకంటే చాలా వేడిగా ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర పది నిమిషాలు పట్టే పని 24 డిగ్రీల దగ్గర ఏడు నిమిషాలకే అయిపోతుంది, వేడి ఇంకా పెరిగితే జెలాటిన్ మెత్తబడుతుంది. అందుకే వేడి ప్రాంతాల స్టూడియోలలో డెవలపర్ గిన్నె చుట్టూ మంచు ముక్కలు వేయడం, హైపోలో (బొమ్మను స్థిరపరచే ద్రావణంలో) పటిక కలిపి జెలాటిన్‌ను గట్టిపరచడం ఉండేవి. రంగు నెగెటివ్‌లకు 1972 నుంచి వాడుకలో ఉన్న సి-41 పద్ధతికి కావలసినది 38 డిగ్రీలు కాబట్టి, నీటిని చల్లబరచే బదులు కొంచెం వేడిచేస్తే చాలు, విశాఖ వేసవి ఆ పనికి అనువైనదే. డెవలపర్‌లో ఉంచే సమయం మూడుంబావు నిమిషాలు. అంతకంటే ఎక్కువ ద్రావణాలు వాడే ఎక్టాక్రోమ్‌ను కడిగేవారు దేశంలోనే చాలా తక్కువ. ఆ రీలు కొనేవారు, కడిగి ఇచ్చేవారిని ముందుగా చూసుకున్న తర్వాతే డబ్బు ఖర్చుపెట్టడం మంచిది.