చేతులు ఎదగని పిల్లలు: ఒక నిద్రమాత్ర చరిత్ర

దండచేయి, ముంజేయి ఎముకలు లేకుండా, లేదా బాగా కురచగా ఉండి, అరచేయి దాదాపు భుజానికే అతుక్కుని బిడ్డ పుడితే దాన్ని వైద్యులు ఫోకోమీలియా అంటారు. ఇది కాళ్లకూ రావచ్చు. చాలా అరుదు. సర్వీసంతా ప్రసూతి వార్డులో గడిపిన డాక్టరు కూడా ఒక్క కేసైనా చూడకుండానే రిటైర్ కావచ్చు. రాబర్ట్స్ సిండ్రోమ్ లాంటి జన్యులోపాల వల్ల ఎక్కడో ఒకరికి వచ్చే ఈ సమస్య, 1960 నాటికి పశ్చిమ జర్మనీలో వరసగా కనబడసాగింది.

ఆ ఏడాది కాసెల్‌లో జరిగిన వైద్యుల సమావేశంలో ఇలాంటి ఇద్దరు పిల్లల ఫొటోలు, ఎక్స్‌రేలు ప్రదర్శించారు. ఏడాది తిరిగేసరికి కీల్, మ్యూన్‌స్టర్, హాంబర్గ్ క్లినిక్‌ల నుంచీ అవే కబుర్లు. లోపాలతో పుట్టిన పిల్లల వివరాలు దేశం మొత్తానికి ఒకచోట నమోదు చేసే పద్ధతి లేకపోవడంతో ఎవరి కేసులు వాళ్ల దగ్గరే ఉండిపోయాయి. అణు పరీక్షల రేడియేషన్ అన్నారు కొందరు, వంశంలోనే ఉందేమో అన్నారు ఇంకొందరు. మన దగ్గరైతే గ్రహణం రోజు బయట తిరిగిందని తల్లినే అనేవాళ్లు. ఎక్కడైనా అనుమానం ముందు ఆ ఇంటి మీదే పడుతుంది. నాకు బాధ కలిగించేది ఇదే.

హాంబర్గ్ పిల్లల డాక్టరు విడుకిండ్ లెన్స్ మాత్రం తల్లుల దగ్గరికి వెళ్లి ఓపిగ్గా అడగడం మొదలుపెట్టారు. ఏం తిన్నారు, ఎక్స్‌రే తీయించుకున్నారా, ఏ మందులు వాడారు అని ఆరా తీశారు. మొదట చాలామంది ఆ మాత్ర పేరే చెప్పలేదు. నిద్ర పట్టకపోతే వేసుకునే మామూలు బిళ్లే కదా, దాన్ని మందుల్లో లెక్కేసుకోలేదు. పేరు చెప్పి మళ్లీ అడిగితే అప్పుడు గుర్తొచ్చింది. ఆ పేరు కాంటెర్గాన్. అందులో ఉన్నది థాలిడోమైడ్.

స్టోల్‌బెర్గ్‌కు చెందిన గ్రూనెంతాల్ కంపెనీ 1957 అక్టోబర్ 1న దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. చీటీ లేకుండానే మందుల షాపుల్లో దొరికేది. ఎన్ని మింగినా ప్రాణానికి ముప్పు లేదన్న ప్రచారంతో నలభైకి పైగా దేశాలకు పాకింది. గర్భిణులు వేవిళ్లకూ వాడారు. లెన్స్ 1961 నవంబర్ 15న కంపెనీకి ఫోన్ చేసి హెచ్చరించారు. పత్రికలో వార్త వచ్చాకే, నెలాఖరుకు మందును వెనక్కి తీసుకున్నారు. సిడ్నీలో విలియం మెక్‌బ్రైడ్ అనే డాక్టరు కూడా ఇదే అనుమానంతో లాన్సెట్ వైద్య పత్రికకు లేఖ రాశారు. అది డిసెంబర్‌లో అచ్చయింది. జపాన్‌లో అమ్మకాలు మరుసటి ఏడాది సెప్టెంబర్ దాకా సాగాయి. ఆ నెలల్లో గర్భం దాల్చిన తల్లులకు ఏం సమాధానం చెబుతారు?

అమెరికా మార్కెట్లోకి మాత్రం అప్పట్లో అది రాలేదు. 1960 సెప్టెంబర్‌లో దరఖాస్తు అందుకున్న, మందులకు అనుమతులిచ్చే అక్కడి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ అధికారి ఫ్రాన్సెస్ కెల్సీ, ఆధారాలు చాలవని ఫైలును తిప్పి పంపుతూనే వచ్చారు. ఈ మాత్రతో నరాలు తిమ్మిరెక్కుతున్నాయన్న బ్రిటిష్ డాక్టరు లేఖ చదివి, మరి కడుపులో బిడ్డ సంగతేమిటని అడిగారు. దరఖాస్తు పెట్టిన కంపెనీ ఎంత ఒత్తిడి చేసినా తగ్గలేదు. 1962లో అమెరికా మందుల చట్టాన్ని కఠినం చేయడానికి ఈ ఉదంతమే ఊపునిచ్చింది.

ప్రపంచమంతటా సుమారు పదివేల మంది పిల్లలు ఈ లోపాలతో పుట్టారని అంచనా. చాలామంది పసితనంలోనే చనిపోయారు. గర్భం నిలిచిన 20వ రోజు నుంచి 36వ రోజు దాకానే ప్రమాదం. ముందుగా చెవులు, తర్వాత చేతులు, ఆ తర్వాత కాళ్లు. ఆ రోజుల్లో ఒక్క మాత్ర పడినా చాలు. చాలామందికి గర్భవతినన్న సంగతి కూడా అప్పటికింకా తెలియదు. ఎలుకల మీద ప్రయోగాల్లో ఈ లోపం బయటపడదు, కుందేళ్లలో పడుతుంది. కారణం 2010లో గానీ దొరకలేదు. థాలిడోమైడ్ సెరెబ్లాన్ అనే ప్రొటీన్‌కు అతుక్కుంటుందని జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. అవయవాలు ఎదగడానికి కావలసిన శాల్4 అనే ప్రొటీన్ దాంతో నాశనమవుతుందని 2018లో తేలింది.

మందు చరిత్ర అక్కడితో ఆగలేదు. 1964లో జెరూసలేంలో జేకబ్ షెస్కిన్ కుష్ఠు రోగికి నిద్ర కోసం ఇస్తే, ఒళ్లంతా లేచిన బాధాకరమైన గడ్డలు తగ్గిపోయాయి. తర్వాత మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్‌కూ పనికొచ్చింది. దాని నుంచి పుట్టిన లెనాలిడోమైడ్ జనరిక్‌ను మన హైదరాబాద్ కంపెనీ నాట్కో 2022లో భాగస్వామ్య కంపెనీతో అమెరికా మార్కెట్లోకి తెచ్చింది. గర్భం వచ్చే అవకాశమున్న మహిళలకు అక్కడ గర్భపరీక్ష చేయనిదే ఈ మందు ఇవ్వరు. కుష్ఠు చికిత్సకు థాలిడోమైడ్ వాడిన బ్రెజిల్‌లో 1960ల తర్వాత కూడా ఇలాంటి పిల్లలు పుట్టారు.

జర్మనీలో గ్రూనెంతాల్ వాళ్ల మీద కేసు విచారణ 1968లో ఆల్స్‌డార్ఫ్‌లో మొదలై, 1970 చివర్లో తీర్పు లేకుండానే ముగిసింది. కంపెనీ పది కోట్ల మార్కులు ఇచ్చింది. క్షమాపణ చెప్పడానికి మాత్రం 2012 దాకా ఆగింది. అది చాలదని బాధితులు తిప్పికొట్టారు. ఆస్ట్రేలియా ప్రభుత్వం 2023 నవంబర్‌లో పార్లమెంటులో క్షమాపణ చెప్పింది. బతికున్నవాళ్లు ఇప్పుడు అరవై దాటారు. చేతులు చేయాల్సిన పనిని ఇన్నేళ్లూ పళ్లతో, పాదాలతో చేసినందుకు వెన్నూ తుంటీ అరిగిపోయి, ఒకప్పుడు సొంతంగా చేసుకున్న పనులకే ఇప్పుడు మనిషి సాయం కావాల్సి వస్తోంది. వాళ్లిప్పుడు అడుగుతున్నది ఆ ఖర్చు గురించే.