క్వార్టర్‌బ్యాక్: హైస్కూల్ కుర్రాడా, పోర్టల్ కుర్రాడా? కొన్ని అపోహలు, వాస్తవాలు

డాలస్ శివార్లలోని ఒక పబ్లిక్ హైస్కూల్లో పదకొండేళ్లుగా క్వార్టర్‌బ్యాక్‌లకు కోచింగ్ ఇస్తున్నాను. అంతకుముందు రెండేళ్లు ఒక కాలేజీ జట్టు రిక్రూటింగ్ ఆఫీసులో పిల్లల ఫిల్మ్, అంటే మ్యాచ్ వీడియోలు చూసి రిపోర్టులు రాశాను. ఫ్రిస్కో, ప్లేనో వైపు మన తెలుగు కుటుంబాలు పెరిగాక, శుక్రవారం రాత్రి మ్యాచ్ అయ్యాక నన్ను ఆపి అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నయ్యగారూ, కాలేజీలన్నీ ఇప్పుడు పోర్టల్ నుంచే తెచ్చుకుంటున్నాయట కదా, మావాడు ఇంత కష్టపడి లాభముందా?" ఉంది. కాకపోతే ఆ ప్రశ్నలో కొంత నిజమూ చాలా అపోహా కలిసిపోయి ఉన్నాయి. పోర్టల్ అంటే, కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా.

ఆట తెలియనివారికి ఒక్క మాట. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి ఎవరికి అందించాలో, ఎటు విసరాలో రెండు మూడు సెకన్లలో తేల్చేవాడు క్వార్టర్‌బ్యాక్. మిగతా చాలా స్థానాల్లో ఆటగాళ్లను మారుస్తూ ఆడిస్తారు. ఇక్కడ మాత్రం ఒక్కడే ఆడతాడు, మిగిలిన ముగ్గురు నలుగురు గట్టున నిలబడి చూస్తారు. అందుకే ఈ స్థానంలో కాలేజీ మారేవాళ్లు ఇంతమంది. ఒకప్పుడు మారితే ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలి. 2018 అక్టోబర్‌లో కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఈ ట్రాన్స్‌ఫర్ పోర్టల్ తెరిచింది. 2021లో ఒకసారి మారినా వెంటనే ఆడొచ్చన్నారు. 2024 నుంచి చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లు మారినా ఆడనిస్తున్నారు.

అపోహ: హైస్కూల్ క్వార్టర్‌బ్యాక్‌లకు కాలం చెల్లింది.

ఇలా అనుకోవడానికి కారణం లేకపోలేదు. కాలేజీ ఆటలో అతి పెద్ద వ్యక్తిగత గౌరవం హైస్మన్ ట్రోఫీ. 2017 నుంచి 2025 వరకు దాన్ని ఏడుగురు క్వార్టర్‌బ్యాక్‌లు గెలిచారు. వాళ్లలో మొదట చేరిన కాలేజీలోనే ఉండి గెలిచింది అలబామాలో ఆడిన బ్రైస్ యంగ్ ఒక్కడే. మిగతా ఆరుగురూ మారి వచ్చినవాళ్లే. 2025 విజేత ఫెర్నాండో మెండోజా కాలిఫోర్నియా యూనివర్సిటీ (బర్క్‌లీ) నుంచి ఇండియానా యూనివర్సిటీకి వచ్చి, ఒక్క ఓటమి లేకుండా జట్టుకు జాతీయ టైటిల్ తెచ్చాడు.

కానీ ఆ ఆరుగురిలో ఎవరూ పోర్టల్‌లో పుట్టలేదు. వాళ్లలో ఒకడైన జో బరో 2019లో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) తరఫున 60 టచ్‌డౌన్ పాస్‌లు, అంటే స్కోరు తెచ్చే పాస్‌లు వేశాడు. అంతకుముందు మూడేళ్లు ఒహాయో స్టేట్‌లో ఉన్నాడు, అతన్ని హైస్కూల్ నుంచి తీసుకుని చదివించింది వాళ్లు. 2024 సీజన్‌లో ఒహాయో స్టేట్‌కు టైటిల్ తెచ్చిన విల్ హోవర్డ్ కాన్సస్ స్టేట్‌లో నాలుగు సీజన్లు ఆడి వచ్చాడు. నారుమడి చెడినప్పుడు పక్క ఊరి నుంచి నారు కొనుక్కుని నాటేస్తాం. కానీ ఆ ఊళ్లో ఎవరో ఒకరు విత్తనం చల్లి ఉండాలి కదా. అన్ని కాలేజీలూ హైస్కూళ్లకు రావడం మానేస్తే మూడేళ్లలో పోర్టల్‌లో ఎవరూ మిగలరు. ఈ సంగతి కోచ్‌లకు బాగా తెలుసు. అందుకే ఇప్పటికీ చాలా కాలేజీలు ఏటా ఒక హైస్కూల్ క్వార్టర్‌బ్యాక్‌నైనా తీసుకోవాలనే చూస్తాయి. 2023 సీజన్‌లో టైటిల్ గెలిచిన మిషిగన్‌ను నడిపిన జె.జె. మెకార్తీ హైస్కూల్ నుంచి నేరుగా అక్కడికే వచ్చాడు.

అపోహ: ట్రాన్స్‌ఫర్ అంటే రెడీమేడ్, వచ్చిన రోజు నుంచే ఆడేస్తాడు.

నా దగ్గర నేర్చుకున్న కుర్రాడు ఒకడు కాలేజీ మారాడు. వేసవి సెలవుల్లో వచ్చి నా ఫిల్మ్ గదిలో కూర్చున్నాడు. కొత్త కాలేజీలో స్ప్రింగ్ ప్రాక్టీస్ వీడియో పెట్టి ఒక చోట ఆపాడు. బంతి ఇంకా స్నాప్ కాలేదు, అంటే ఆట మొదలుపెడుతూ క్వార్టర్‌బ్యాక్ చేతికి ఇంకా అందించలేదు. ఎడమ వైపు నుంచి ఎదుటి జట్టు లైన్‌బ్యాకర్ దూకబోతున్నాడని అతను ముందే కనిపెట్టాడు, "రెడ్, రెడ్" అని అరిచాడు. పాత కాలేజీలో రెడ్ అంటే లైన్, అంటే క్వార్టర్‌బ్యాక్‌ను కాచే ఐదుగురి వరుస, ఎడమకు జరగాలి. ఇక్కడ అదే మాటకు కుడికి జరగాలి. ఐదుగురు లైన్‌మన్లు క్రమశిక్షణగా కుడికి జరిగారు. లైన్‌బ్యాకర్‌కు అడ్డు లేదు, వచ్చి గుద్దేశాడు. "చూడాల్సింది చూశాను కోచ్, మాటే పాతది వచ్చింది" అన్నాడు. ఆ మాటలోనే ట్రాన్స్‌ఫర్ కష్టమంతా ఉంది. చెయ్యి, చూపు, అనుభవం వెంట వస్తాయి. భాష రాదు. స్ప్రింగ్‌లో అనుమతించేవి 15 ప్రాక్టీస్‌లే. వేసవిలో రాత్రీ పగలూ కూర్చుని పట్టుకున్నవాడు నిలబడతాడు.

పేరున్న ఉదాహరణ కావాలంటే నికో ఇయామలేవా అనే క్వార్టర్‌బ్యాక్. 2024లో టెన్నెసీని జాతీయ టైటిల్ తేల్చే ప్లేఆఫ్ వరకు తీసుకెళ్లాడు. 2025 ఏప్రిల్‌లో యూసీఎల్‌ఏకు మారాడు. అక్కడ జట్టు మొదటి నాలుగు మ్యాచ్‌లూ ఓడిపోయింది. ఇది ఒక్క కుర్రాడి తప్పు కాదు. లైన్, రిసీవర్లు, కోచ్‌లు అందరూ కుదిరితేనే ఆ స్థానం పండుతుంది.

అపోహ: బెంచ్ మీద గడిపిన ఏడాది వృథా.

మ్యాక్ జోన్స్ 2017లో అలబామాలో చేరాడు. ఇద్దరు పేరున్న క్వార్టర్‌బ్యాక్‌ల వెనక ఆగి, 2020లో పూర్తి సీజన్ ఆడి, ఓటమి లేకుండా టైటిల్ గెలిచాడు. ఆర్చ్ మానింగ్ టెక్సస్‌లో రెండు సీజన్లు క్విన్ యూవర్స్ వెనక ఆగాడు. ఆగడం వేరు, ఊరికే కూర్చోవడం వేరు. మొదటి జట్టుతో ఆడేవాడికే ప్రాక్టీస్‌లో ఎక్కువ బంతులు దక్కుతాయి, రెండోవాడికి కొన్ని, మూడోవాడికి దాదాపు ఏమీ ఉండవు. అందుకే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒకటే. కాలేజీ కోచ్‌ను "మావాడు ఎప్పుడు ఆడతాడు" అని అడగకండి, ఆ జవాబు ఆయన చేతిలోనూ లేదు. "వారానికి ఎన్ని స్నాప్‌లు ఇస్తారు, మావాడితో ఫిల్మ్ చూసేది ఎవరు" అని అడగండి. దానికి సూటిగా జవాబిచ్చే కోచ్ దగ్గర ఒక ఏడాది ఆగినా నష్టం లేదు.

అపోహ: స్టార్ రేటింగ్ లేకపోతే దారి మూసుకుపోయినట్టే.

రిక్రూటింగ్ వెబ్‌సైట్లు హైస్కూల్ ఆటగాళ్లకు స్టార్లు వేసి అంచనా కడతాయి. క్యామ్ వార్డ్ అనే క్వార్టర్‌బ్యాక్‌ది టెక్సస్‌లోని వెస్ట్ కొలంబియా. అతని స్కూల్ జట్టు బంతిని విసరడం కంటే పరిగెత్తించడానికే మొగ్గు చూపేది, అందుకని పెద్ద కాలేజీల కంట పడలేదు. శాన్ ఆంటోనియోలోని ఇన్‌కార్నేట్ వర్డ్ అనే చిన్న కాలేజీ తీసుకుంది. అక్కడి నుంచి వాషింగ్టన్ స్టేట్, తర్వాత మయామీ, 2025 ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో, అంటే ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, మొదటి ఎంపిక. పోర్టల్ హైస్కూల్ పిల్లలకు శత్రువు అనేవాళ్లు ఈ దారిని మర్చిపోతారు. ఆలస్యంగా ఎదిగే కుర్రాడికి అది రెండో తలుపు.

అపోహ: ఆఫర్ వచ్చిందంటే సీటు ఖాయం.

ఇది రాస్తుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. కొన్నేళ్ల క్రితం మా స్కూల్లో చివరి తరగతి కుర్రాడు ఒకడికి వసంతంలోనే ఒక కాలేజీ స్కాలర్‌షిప్ ఆఫర్ ఇచ్చింది. ఆ ఒప్పందం మీద సంతకాల రోజు డిసెంబర్‌లో. దానికి వారం ముందు, మధ్యాహ్నం, నా టేబుల్ మీద అతని ఫోన్ మోగింది. స్పీకర్‌లో పెట్టాడు. పోర్టల్ నుంచి అనుభవం ఉన్నవాణ్ని తెచ్చుకోబోతున్నామని, కావాలంటే స్కాలర్‌షిప్ లేకుండా రావొచ్చని ఆ కోచ్ చెప్పాడు. కుర్రాడు రెండుసార్లు "యెస్ సర్, థాంక్యూ సర్" అన్నాడు. ఫోన్ పెట్టాక మణికట్టుకు చుట్టిన టేప్ విప్పడం మొదలుపెట్టాడు. అది అయిపోయేదాకా ఇద్దరం మాట్లాడలేదు.

నోటిమాట ఆఫర్ ఎవర్నీ కట్టిపడేయదు, కాలేజీనీ కుర్రాణ్నీ కూడా. పైగా కోచ్ ఉద్యోగం ఈ ఏడాది గెలుపు మీద ఆధారపడి ఉంటుంది. 18 ఏళ్లవాడు తయారయ్యే వరకు ఆగే ఓపిక అతనికి ఉన్నా, అతన్ని నియమించినవాళ్లకు ఉండకపోవచ్చు. ఆ కాలేజీ చేసింది నిబంధనలకు విరుద్ధం కాదు. కానీ వారం ముందు చెప్పడం తప్పేనని నేను గట్టిగా అంటాను. అక్టోబర్‌లో చెప్పి ఉంటే మాకు రెండు నెలలు దొరికేవి. ఆ వారంలో 19 కాలేజీలకు ఫిల్మ్ పంపాం. చివరికి ఫిబ్రవరిలో ఒక డివిజన్ టూ (రెండో స్థాయి) కాలేజీ సగం స్కాలర్‌షిప్‌తో తీసుకుంది. రెండో ఏడాది నుంచి మొదటి జట్టులో ఆడే క్వార్టర్‌బ్యాక్ అతనే. అప్పటి నుంచి నా దగ్గరి ప్రతి పిల్లవాడికీ, ఆఫర్ ఉన్నా సరే, సంతకం పడేదాకా మరో ఇద్దరు ముగ్గురు కోచ్‌లతో మాటలు సాగేలా చూస్తున్నాను.

అపోహ: నచ్చకపోతే పోర్టల్‌లోకి వెళ్తే సరి, ఎవరో ఒకరు తీసుకుంటారు.

ఎవరూ తీసుకోనివాళ్లు ఏటా ఉంటారు. పేరు నమోదు చేసుకున్నాక ఉన్న కాలేజీ తర్వాతి టర్మ్ నుంచి స్కాలర్‌షిప్ ఆపేయొచ్చు. మారినప్పుడు క్రెడిట్‌లన్నీ వెంట రావు, డిగ్రీ ఒక ఏడాది జరిగిపోవచ్చు. మన ఇళ్లలో దీని గురించే ముందు అడుగుతారు, అడగాలి కూడా. డివిజన్ వన్‌లో, అంటే పై స్థాయి కాలేజీల్లో ఆడాలంటే హైస్కూల్లో ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్ లాంటి 16 కోర్ కోర్సులు, వాటిలో కనీసం 2.3 జీపీఏ ఉండాలి. ఇక హెచ్-4 మీద, విద్యార్థి వీసా మీద ఉన్న పిల్లలు, ఆటగాడిగా తమ పేరు వాడుకునే ప్రకటనల నుంచి వచ్చే డబ్బు ముట్టుకునే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను కలిసి తీరాలి.

అపోహ: హైలైట్ వీడియో బాగుంటే చాలు.

పోర్టల్ కుర్రాడి ఫిల్మ్‌లో ఎదుట ఉండేది కాలేజీ డిఫెన్స్. మన కుర్రాడి ఫిల్మ్‌లో ఉండేది పదహారేళ్ల పిల్లలు. అందుకే కాలేజీ కోచ్ దూరపు పాస్‌ల కోసం చూడడు. మొన్న ఒకాయన మా స్కూల్‌కు వచ్చి, హైలైట్‌లు పక్కన పెట్టి, ఓడిపోయిన మ్యాచ్ పెట్టమన్నాడు. మావాడు ఇంటర్‌సెప్షన్ ఇచ్చాక, అంటే విసిరిన బంతిని ఎదుటి జట్టు పట్టేసుకున్నాక, మళ్లీ బంతి మా చేతికొచ్చినప్పుడు ఆడిన మొదటి మూడు ప్లేలు చూశాడు. మూడో ప్లేలో సేఫ్టీ, అంటే ఎదుటి జట్టులో వెనక కాపలా కాసేవాడు, చివరి క్షణంలో వెనక్కి జరిగాడు. మావాడు పాదాలు సర్దుకుని, లోతుగా విసరకుండా, ఏడు గజాల్లో ఖాళీగా ఉన్న రిసీవర్‌కు అందించాడు. ఆయన దాన్ని వెనక్కి తిప్పి మళ్లీ చూశాడు. తర్వాత ఆ కుర్రాడి మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్ అడిగి తీసుకెళ్లాడు.